నాలుగు నిమిషాల ఆలస్యం

మా అమ్మ ఇరవై రెండేళ్ళకి మున్సిపల్ ఆఫీసులో టైపిస్టుగా చేరి, ఎన్నికల అధికారిగా రిటైరైంది. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగితే తడుముకునేది గానీ, ఓటర్ల జాబితాలో ఏ వీధిలో ఏ ఇంటి నంబరు తప్పు పడిందో నిద్రలో లేపి అడిగినా చెప్పేది. ఆ ఉద్యోగం వల్ల ఆమె పోగొట్టుకున్నది ఒక్కటే, సొంత అక్క పలకరింపు. అదీ ఐదేళ్ళ పాటు.

పెద్దమ్మది మా ఎదురిల్లే. పెదనాన్నకి ఉన్నట్టుండి కౌన్సిలర్ కావాలన్న కోరిక పుట్టింది. నామినేషన్లకి ఆఖరి రోజు, మధ్యాహ్నం మూడింటితో సరి. ఆయన మూడు దాటిన నాలుగు నిమిషాలకి చెమటలు కక్కుతూ, నామినేషన్లు తీసుకుంటున్న అమ్మ బల్ల ముందుకి వచ్చాడు. ఫొటోలో జుట్టు సరిగ్గా పడలేదని మళ్ళీ తీయించుకున్నాడట. ఉన్నవే నాలుగు వెంట్రుకలు!

"నాలుగు నిమిషాలే కదమ్మా," అన్నాడు.

"కూర్చోండి బావగారూ, మంచినీళ్ళు ఇప్పిస్తాను. కాగితాలు మాత్రం తీసుకోలేను," అంది అమ్మ.

ఆ రోజు నుంచి పెద్దమ్మ మాకు ముఖం చాటేసింది. అమ్మ గుమ్మంలోకి వస్తే చాలు, ఎదురింటి తలుపు ధడాలున మూసుకునేది. తప్పు చేశానని అమ్మ ఏనాడూ అనుకోలేదు. కానీ జ్వరమొస్తే అక్కనే కలవరించేది. నాకు పెద్దమ్మ మీద ఒళ్ళు మండిపోయేది.

ఐదేళ్ళకి మళ్ళీ ఎన్నికలొచ్చాయి. అమ్మకవే ఆఖరివి. నామినేషన్ల మొదటి రోజు, ఊడ్చేవాళ్ళకంటే ముందే వచ్చి పెదనాన్న వరండా బెంచీ మీద తిష్ఠ వేశాడు. అమ్మ ప్రతి కాగితమూ రెండుసార్లు చూసి రసీదిచ్చింది.

ఓట్ల లెక్కింపయ్యాక ఫలితం చదవాల్సిందీ అమ్మే. పెదనాన్నకి వచ్చినవి నలభై ఒకటి. మిగతావాళ్ళ అంకెలు ఎలా చదివిందో అదీ అలాగే చదివింది. ఇక ఈ జన్మకి అక్క తలుపు తెరవదని ఇంటికొచ్చి కూలబడింది.

మర్నాడు పొద్దున పెద్దమ్మ తిన్నగా మా వంటింట్లోకొచ్చి కుర్చీ లాక్కుంది. "టీ పెట్టవే," అంది, నిన్న కూడా వచ్చి వెళ్ళినట్టు. రెండు గుక్కలు తాగి గొంతు తగ్గించింది.

"ఆ నలభై ఒకటిలో నాది లేదు. గెలిస్తే ఆ మనిషి ఇంటిపట్టున ఉంటాడా?"

అమ్మ నోరు తెరిచేసింది. "మరి ఐదేళ్ళు నాతో ఎందుకు మాట్లాడలేదక్కా?"

"మా ఆయన్ని ఓడిస్తే నేను ఓడించాలి గానీ, మధ్యలో నువ్వెవరివే తలుపేయడానికి?"

ఇద్దరూ కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వారు. అమ్మ అలా నవ్వడం చూసి ఎన్నాళ్ళయిందో! ఎదురింటి కిటికీలోంచి పెదనాన్న తల బయటపెట్టాడు.

"ఏమిటమ్మా ఆ నవ్వులు?"

అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆఫీసు గొంతు తెచ్చుకుంది.

"ఓటు రహస్యం బావగారూ. బయటికి చెప్పకూడదు."