ఆగడం తెలిసిన మిషన్

నా చిన్నప్పుడు, అంటే మరీ చిన్నప్పుడేం కాదు, నా మీసం నాకొక్కడికే కనిపించే వయసులో, కోవిల్‌పట్టిలో మా ఇంటికి ఒకటే చట్టం ఉండేది. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. చట్టం మా అవ్వది. లోపల ఎవరైనా తమిళం మాట్లాడితే ఆమెకు చెవులు పనిచేసేవి కావు. ఇంకాస్త అన్నం కావాలని తమిళంలో అడిగి అర్ధాకలితో లేచిన చరిత్ర మా అన్నకు ఉంది.

అవ్వ రోజంతా వేరుశనగ కాయలు ఒలిచేది. మా ఊరి కడలై మిట్టాయి, అదే పల్లీ చిక్కీ, చాలా ఊళ్ళకు పోతుంది. అందులో ఎన్ని గింజలకు మా అవ్వ గోళ్ళు అరిగాయో తినేవాళ్ళకు తెలియదు. పక్కింటి అమ్మాయికి మాత్రం తెలిసింది. ఆమె నా క్లాసే, తమిళ పిల్ల. ఒకరోజు అవ్వ వేళ్ళకేసి చాలాసేపు చూసి, దీనికి మిషన్ చేయాలి అంది. నేను వెంటనే ఒప్పుకున్నాను. రాకెట్ చేద్దామన్నా ఒప్పుకునేవాణ్ణి. నేను ఆమెను ప్రేమిస్తున్న సంగతి నాకు తెలుసు, మా స్కూలు ప్యూనుకు తెలుసు. తెలియంది ఆమెకే.

ఆమెకు మాత్రం ఇది ఆట కాదు. పదో తరగతి కాగానే కూతుర్ని శివకాశి ప్రెస్సుల్లో పనికి తీసుకెళ్ళే వ్యాను ఎక్కించాలని వాళ్ళ నాన్న అప్పటికే మాట్లాడి పెట్టుకున్నాడు. మా సైన్సు మాస్టరు వెళ్ళి బతిమాలితే ఆయన ఒక మాట ఇచ్చాడు. విరుదునగర్‌లో జరిగే సైన్సు ఎగ్జిబిషన్‌కు స్వయంగా వచ్చి చూస్తాడు. మిషన్ తిరిగితే చదువు, తిరగకపోతే వ్యాను.

పాత నూనె డబ్బా, అందులో తిరిగే కర్ర పలకలు, కింద జల్లెడ, పక్కన చెడిపోయిన మిక్సీలోంచి పీకిన మోటారు. ఇదీ మా ఆవిష్కరణ. ఎగ్జిబిషన్ ముందు రోజు పొద్దున మా వసారాలో స్విచ్ వేశాం. తిరిగింది. బాగా తిరిగింది. ఆగమంటే ఆగకుండా తిరిగింది. స్విచ్ ఊడి నా చేతికొచ్చింది. డబ్బా ఎగురుతోంది, పొగ లేస్తోంది, కాయలు తూటాల్లా గోడలకు తగులుతున్నాయి. ఆ కంగారులో ఆమె మిషన్‌ను చూసి అరిచింది.

"నిల్లు! నిల్లూ!"

తమిళంలో నిల్లు అంటే ఆగు. కానీ అది గడప లోపల. మా అవ్వ చెవి ఆ మాటను తెలుగులోనే అందుకుంది. పొగ కనిపిస్తోంది, నీళ్ళు నీళ్ళని పిల్ల అరుస్తోంది. అవ్వ బిందె ఎత్తి మొత్తం కుమ్మరించింది. టప్‌మని పేలిన చప్పుడు, తర్వాత నిశ్శబ్దం. ఫ్యూజు పోయింది, మోటారు పోయింది. ఎవరికీ షాకు కొట్టకపోవడం మా తెలివి కాదు, అదృష్టం.

ఒక్కటి చెప్పాలి. మా ఊళ్ళో కుళాయి ఎప్పుడొస్తుందో దేవుడికి కూడా తెలిసేది కాదు. రెండో గ్లాసు అడిగితే ముఖం చిట్లించే మనిషి, తాగే నీళ్ళ బిందెను క్షణం ఆలోచించకుండా పోసేసింది.

"అడిగితిరి, పోస్తిని. ఇంకేల ఏడ్చేది?" అంది అవ్వ.

ఆ పిల్ల తడి నేల మీదే కూలబడి వెక్కి వెక్కి ఏడుస్తోంది. నాకు చేతనైన వైద్యం ఒక్కటే. "పోనీలే, వాషింగ్ మిషన్ అని చెప్పుకుందాం," అన్నాను.

అవ్వ నావైపు తిరిగి, "నిల్లు," అంది.

మా ఇంట్లో అవ్వ నోట తమిళం వినడం నాకు అదే మొదలు. జోకు సగంలో చచ్చింది. అవ్వ ఆ నీళ్ళలోనే ఆమె పక్కన చతికిలబడి, కొంగుతో ముఖం తుడిచి, తన చట్టం తానే మరిచిపోయి తమిళంలో మాట్లాడింది. ఏది ఏం చేస్తుందో చెప్పమంది. ఆమె ముక్కు చీదుతూ అంతా చెప్పింది. విన్నాక అవ్వ అడిగింది ఒకటే: దీనికి తిరగడం నేర్పారు సరే, ఆగడం ఎవరు నేర్పాలి?

ఆమె ఏడుపు ఆపింది. ఆ ప్రశ్న మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. సాయంత్రానికల్లా మోటారు స్థానంలో సైకిల్ పెడలు వచ్చింది, దాన్ని చేత్తో తిప్పాలి. ఇరుసు మీద పాత టైరు ముక్కతో బ్రేకు వచ్చింది. అవ్వ తిప్పుతూ ఉంటే ఆమె ఆపింది, ఆమె తిప్పితే అవ్వ ఆపింది. చీకటి పడే వేళకు ఇద్దరూ నవ్వుతున్నారు. తాగే నీళ్ళ కోసం అవ్వ ఎవరింటి ముందు బిందె పట్టుకుని నిలబడిందో మాకు చెప్పలేదు.

విరుదునగర్‌లో మొదటి బహుమతి సోడా నురుగు కక్కే బొమ్మ అగ్నిపర్వతానికి పోయింది. మాకు ఏమీ రాలేదు. మీ మిషన్ గొప్పేమిటని ఒకాయన అడిగితే, "ఇది ఆగుతుంది సార్," అంది ఆమె. ఆయన నవ్వి పక్క బల్లకు వెళ్ళిపోయాడు. వాళ్ళ నాన్న వెళ్ళలేదు. చొక్కా చేతులు మడిచి పెడలు తిప్పాడు, ఆమె ఆపింది. మళ్ళీ బలంగా తిప్పాడు, మళ్ళీ ఆపింది. జల్లెడలోంచి గింజలు నోట్లో వేసుకుని నములుతూ, ప్లస్ వన్‌లో, అంటే పదకొండో తరగతిలో, ఏ గ్రూపు తీసుకుంటావని అడిగాడు.

తిరుగు బస్సులో ఆమె నావైపు వంగి, మొదటిసారి తెలుగులో, "నీళ్ళు ఉందా?" అంది. సీసా ఇచ్చాను. నా ప్రేమకథ మొత్తం అంతే. ఆమె ఇంజినీరై కోయంబత్తూరులో స్థిరపడింది. పెళ్ళికి పిలిస్తే వెళ్ళి పాయసం మారు అడిగి మరీ తిన్నాను. బాధతో అనుకున్నారు చూసినవాళ్ళు. పాయసం బాగుంది.

ఇప్పుడు మా అన్న మనవలు నన్ను తాతా అంటున్నారు. నోటి వాగుడు తగ్గలేదు. కానీ ఎంత మంచి జోకు నాలుక చివరికొచ్చినా, ముందు ఎదుటి మనిషి ముఖం ఒకసారి చూస్తాను. చాలాసార్లు ఆ ముఖం నవ్వడానికి సిద్ధంగానే ఉంటుంది, చెప్పేస్తాను. లేని రోజున నేల తడిగా ఉన్నా సరే, పక్కన కూర్చుంటాను.