పోగుల దొంగ

ఆ ఎండాకాలం మా అమ్మా నాయనా మాట్లాడుకోవడం మానేశారు. గొడవంతా దారప్పోగుల దగ్గర మొదలైంది.

కడప పక్కన నేత ఊరు మాది. నాయన మగ్గం మీద చీర నేస్తే, అమ్మ దానికి కావలసిన దారం కండెలకు చుడుతుంది. నేతలో పోగు తెగితే అతకడానికి మగ్గం పక్కన మేకుకు రంగురంగుల పోగుల కట్ట వేలాడుతుంటుంది. ఆ కట్ట రోజురోజుకూ పలచబడుతోంది.

"పాపా, మీయమ్మకు చెప్పు. కండ్లు తెరిచి ఊడ్చమను," అనేవాడు నాయన, అమ్మ మూరెడు దూరంలో కూర్చుని ఉండగానే.

"మీ నాయనకు చెప్పు. యాడ పారేసుకుంటాండాడో చూసుకోమను."

మాటలు వాళ్లవి, నోరు నాది! విసుగొచ్చింది. అమ్మ కండెలు చుట్టడం ఆపేస్తే చీర సగంలో నిలిచిపోతుందని భయం కూడా వేసింది. ఫొటోలు వాటంతట అవే పడేలా పెట్టి, ఫోనును కిటికీలో దాచాను.

సాయంత్రం ముగ్గురం చూశాం. ఒకదాంట్లో నాయన ఆవులిస్తున్నాడు. ఇంకోదాంట్లో ఆయన వీపు వెనక అమ్మ వెక్కిరిస్తోంది. ఆ తర్వాతి ఫొటోలో దొంగ దొరికింది. బొటనవేలంత పిట్ట, ముక్కున పచ్చ పోగు. పక్షుల యాప్ అది ఊదా తేనెపిట్ట అని, ఆడదని చెప్పింది.

"ఆడదేనా? అయితే మీయమ్మ పార్టీనే!" అన్నాడు నాయన.

"గూడు కట్టేది ఆడది. నిగనిగలాడతా కూచోని పాటలు పాడేది మగది. ఈ ఇంట్లో కొత్తేముండాది?" అంది అమ్మ.

మర్నాడు వసారాలో వెలగని బల్బు తీగకు వేలాడుతున్న గూడును దగ్గరగా వీడియో తీశాను. ఎండుటాకుల ముక్కలు, మా చీర అంచు ఎరుపు, పసుపు పోగులు. అన్నిటినీ కలిపి ఆ పిట్ట సాలెగూటి దారంతో చుడుతోంది. ఎంత నేర్పు! చూస్తూ నేను అన్నం మాటే మరిచిపోయాను.

అమ్మ ఊరుకుంటుందా? "మీ నాయనకు చెప్పు. బూజు దులపలేదని నన్ను సాధించినాడు గదా. దులిపింటే దానికి ఇల్లు యాడిది?"

తెల్లారి నాయన పిట్ట కోసం పోగులు తగిలించడానికి వేరే మేకు కొట్టాడు. నేను మళ్లీ వీడియో పెట్టాను.

"ఏమే, దీనికి ఏ రంగు పెడదాం?" అన్నాడు, పంతం సంగతి మరిచి.

"పెండ్లయినప్పట్నుంచి ఎన్ని చీరలు నేసినావు? నీకే రంగు కావల్లని ఒక్కనాడన్నా నన్నడిగినావా? పిట్టకొచ్చే తలికి అడగతాండావే!"

ఆ వీడియోలో పిట్ట లేదు. మగ్గం మీద ఆగిపోయిన నాయన చేతులు మాత్రం ఉన్నాయి. తర్వాత ఆయన గొంతు వినబడుతుంది.

"తప్పే. ఇప్పుడడగతాండా. నీకే రంగు కావల్ల?"

జవాబుకు ఎన్నడూ తడుముకోని మా అమ్మ ఎర్ర పోగు చూసింది, పచ్చ పోగు చూసింది.

"ఉండు, ఆలోచించుకోనీ," అంది. "ఎవరూ అడగలేదు గదా."