బొమ్మ మసకైనా బండి ఆగకూడదు

నాయన కాలు విరిగిన ఎండాకాలం నేను ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉన్నాను. ఆయన ఎర్రగుంట్లలో సిమెంటు లారీ డ్రైవరు. లోడు మీద టార్పాలిన్ పట్ట కట్టి దిగుతూ జారిపడ్డాడు. ఎముకకు రాడ్డు వేసి, నాలుగు నెలలు కాలు కింద పెట్టకూడదన్నారు. నేను కడప హాస్టల్ ఖాళీ చేసి, ప్రాజెక్టు పని ఇంటినుంచే చేసుకుంటానని వచ్చేశాను.

అంతవరకూ నాయనతో వరసగా వారం రోజులు ఒకే ఇంట్లో ఉన్న గుర్తు నాకు లేదు. ఆయన వచ్చేవాడు, నీళ్లు పోసుకుని తిని పడుకునేవాడు, లేచి మళ్లీ లోడుకు పోయేవాడు. ఇప్పుడు పగలంతా ఎదురెదురుగా ఉంటే ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలియలేదు. చర్చివాళ్లు వచ్చి ప్రార్థన చేసి పోయేవాళ్లు. వాళ్లు పోయాక ఆయన కిటికీ వైపు తిరిగి, రోడ్డు మీద పోయే లారీల హారన్లు వింటూ అది ఎవరి బండో తనలో తాను చెప్పుకునేవాడు.

అది చూడలేక ఒకరోజు నా పాత టాబ్లెట్‌లో లారీ నడిపే ఆట పెట్టిచ్చాను. ఆ ఆట టాబ్లెట్‌లో ఉండదు. ఎక్కడో దూరాన పెద్ద కంప్యూటర్లో నడుస్తుంటే, దాని బొమ్మ మాత్రం నెట్ మీద మనకు వస్తుంది. మనం స్టీరింగ్ తిప్పితే ఆ సంగతి అక్కడికి వెళ్లి, బండి తిరిగిన బొమ్మ మళ్లీ మన దగ్గరికి రావాలి.

మంచు కొండల మధ్య ఏదో పరాయి దేశపు రోడ్డు. నాయన కాసేపు చూసి, "ఏందిది, అందరూ తప్పు పక్కన పోతాండారు!" అన్నాడు. అయినా ప్రతి మలుపులోనూ హారన్ కొట్టాడు. వెనక వచ్చే ప్రతి కారుకూ దారి ఇచ్చాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్న అమ్మ, "కాలిరిగినా లారీ వదల్లేదు ఈ మనిషి" అని లోపలికి పోయి నవ్వుకుంది. ఇంట్లో నవ్వు వినపడి అప్పటికి చాలా రోజులైంది.

చిక్కు మధ్యాహ్నం పూట మొదలయ్యేది. ఎండకు టాబ్లెట్ కాగిపోయి మందగించేది. సాయంత్రమైతే వీధంతా ఫోన్లు పట్టుకునేది, సిగ్నల్ పలచబడేది. నాయన ఎడమకు తిప్పితే బండి ఒక క్షణం ఆగి తిరిగేది, అప్పటికే గోతిలో ఉండేది.

"అమ్మీ, బండి మాట వినడంల్యా" అని పిలిచేవాడు.

నేను చేతిలో పని వదిలి వచ్చి సెట్టింగ్స్ మార్చేదాన్ని. బొమ్మ నాణ్యం తగ్గించడం, వెలుతురు తగ్గించడం, వెనక నడుస్తున్న యాప్‌లు మూసెయ్యడం. కొండలూ చెట్లూ అలికేసినట్టయ్యేవి.

"ఇట్లుంటే పర్వాల్యా నాయనా?"

"చెట్లెందుకు నాకు? రోడ్డు కనపడితే చాలు. బొమ్మ మసకైనా బండి ఆగకూడదు."

రోజుకు ఇరవైసార్లు అలా లేచి వెళ్లాక, ఈ పని నేను కాక ఒక ప్రోగ్రాం చేస్తే బాగుండునని తట్టింది. కాలేజీకి ఇవ్వాల్సిన ప్రాజెక్టు కూడా అదే అవుతుందనుకున్నాను. సిగ్నల్ ఎంతుంది, టాబ్లెట్ ఎంత వేడెక్కింది అని క్షణక్షణం చూసుకుంటూ, దాన్ని బట్టి సెట్టింగ్స్ తనంతట తానే మార్చే ప్రోగ్రాం. రెండు వారాలు కూర్చుని రాశాను.

మొదటిరోజే ఘోరంగా తప్పింది. సిగ్నల్ కాస్త పెరగ్గానే బొమ్మను తళతళలాడించేది, మరుక్షణం తగ్గితే మసకబార్చేది. పావుగంటకే నాయన టాబ్లెట్ పక్కన పెట్టి కళ్లు మూసుకున్నాడు.

"తల తిరుగుతాండాది. ఎవురమ్మీ దీనికి డ్రైవింగు నేర్పింది?"

"నేనే" అన్నాను, ముఖం ముడుచుకుని.

ఆయన నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. "ఈడ కూచో. గువ్వలచెరువు ఘాటు ఎక్కేటప్పుడు ఏం చేస్తామో తెలుసా? ఇంజను మూలిగిందంటే అప్పుడే గేరు దించాల. ఆలోచన చేస్తా కూచోకూడదు. పైగేరు ఏసేటప్పుడు మాత్రం తొందర పడకూడదు. రవ్వంత చదును కనపడిందని ఏస్తే, మళ్లీ మిట్ట వచ్చిందనుకో, బండి నిలబడిపోతాది. కొంచెం దూరం పోయి, చదునే అని నమ్మకం కుదిరినాక ఏయాల."

నేను అక్కడే, మంచం పక్కన నేలమీద కూర్చుని ప్రోగ్రాం మార్చాను. సిగ్నల్ తగ్గితే వెంటనే దించు. పెరిగితే ఒక నిమిషం చూడు, నిలకడగా ఉంటేనే ఎక్కించు. అంతే.

మర్నాడు సాయంత్రం నేను వంటింట్లో అమ్మకు చిక్కుడుకాయలు ఒలిచి ఇస్తూ, పిలుపు కోసం చెవి అటే పెట్టి ఉన్నాను. అరగంట గడిచినా పిలుపు రాలేదు. ఉండబట్టలేక వెళ్లి చూశాను. ఆయన హాయిగా వంతెన దాటుతున్నాడు. బొమ్మ కాస్త మసకగా ఉంది, బండి మాత్రం చెప్పినట్టు వింటోంది.

"నువ్వు ఏమన్నా మార్చినావా?"

"లేదు నాయనా, దాని పాటికి అదే మారుతాండాది."

ఆయన మంచంలో కాస్త పక్కకు జరిగాడు. "అయితే నీకేం పనిల్యా గదా. ఊరికే కూచో నా పక్కన" అన్నాడు.

నేను కూర్చున్నాను. అలా మిగిలిన రెండు నెలలూ రోజూ కూర్చున్నాను. చూపు రోడ్డు మీదుంటే ఆయనకు మాటలు వాటంతటవే వచ్చేవి. ఏ ఊళ్లో ఏ హోటల్లో సంగటి బాగుంటుందో, మంత్రాలయం దారిలో వానకు సిమెంటు తడిసి మూటలు రాళ్లయిన రోజేం జరిగిందో చెప్పేవాడు. నేను పుట్టిన సంగతి కూడా అలాగే చెప్పాడు.

"ఓర్వకల్లు రాళ్లగుట్టల కాడ ఆక్సిల్ ఇరిగి మూడు దినాలు లోడుకు కావలున్నా. మన పక్కనుంచి వచ్చే డ్రైవరొకాయన బండి ఆపి, ఏమప్పా, నీకు ఆడబిడ్డంట, ఇద్దరూ బాగుండారంట అని చెప్పి పోయినాడు. యాడికి పోదును, లోడు ఇడిచి? స్టవ్వు మీద బియ్యం ఏసి, బెల్లం కలిపి, ఆ గుట్టల్లో గొర్రెలు మేపేవాళ్లకంతా పెట్టినా. నిన్ను చూసేతలికి ఎనిమిది దినాలు." ఆటలో ఎర్ర లైటు పడితే బండి ఆపాడు. "నీకు శానా నాళ్లనుంచీ చెప్పాలనుకుంటి."

ఆయన భుజానికి తల ఆనించాను. పచ్చ లైటు వచ్చినా ఆయన బండి కదిలించలేదు.

ప్రాజెక్టు పరీక్షకు బయటి కాలేజీ నుంచి వచ్చిన మేడం, దించడం వెంటనే, ఎక్కించడం నిదానంగా అన్న నియమం ఎక్కడ చదివావని అడిగారు. మంచంలో ఉన్న ఒక లారీ డ్రైవరు చెప్పాడన్నాను. ఆమె నవ్వి, నిజమే చెప్పమన్నారు. మా నాయనే మేడం అన్నాను.

దసరా ముందు ఆయన మళ్లీ స్టీరింగ్ ముందుకు వెళ్లాడు. ఆ ఆట ముట్టుకోలేదు. నేను కర్నూలులో ఉద్యోగంలో చేరాను. ఇప్పుడు ఫోన్లో మా మాటలు తిన్నావా, తిన్నాను అన్నదానికంటే ఎక్కువ సాగవు. ఆ ఆటలోని ఊళ్ల పేర్లు నాకు ఒక్కటీ గుర్తు లేవు. గుట్టల పక్కన స్టవ్వు మీద ఉడికిన ఆ బెల్లపన్నం మాత్రం, నేను తినకపోయినా, దాని వాసన నాకు తెలుసనిపిస్తుంది.