లైసెన్సు కాగితానికి నాలుగు మూలలా పసుపు

ఆ రోజుల్లో నేను రెండు పనులు చేసేవాణ్ణి. ఒకటి ఉద్యోగం, రెండోది నోరు తెరిచి ఆశ్చర్యపోవడం. ఖతార్‌లో దిగిన మొదటి మూడు నెలలూ రెండో పనే ఎక్కువ శ్రద్ధగా చేశానని ఒప్పుకోవడానికి ఇప్పుడు నాకేమీ సిగ్గులేదు. బస్‌స్టాపులో ఏసీ చూసి నోరు తెరిచాను. కుళాయిలో చన్నీళ్ళు తిప్పితే వేణ్ణీళ్ళు రావడం చూసి తెరిచాను (వేసవిలో అక్కడ రెండు కుళాయిలకీ పెద్ద తేడా ఉండదు). అయితే అన్నిటికంటే పెద్దగా తెరిచింది మాత్రం, చేరిన రెండో వారంలో మా హోటలు మేనేజరు ఒక నీలం ఫైలు నా బల్ల మీద పడేసి, "యల్లా, కానివ్వు, ఇకనుంచి ఇది నీది" అన్న రోజున. పైన రాసింది చదివాను. నమ్మలేక మళ్ళీ చదివాను. మా హోటలు పై అంతస్తులోని లాంజిలో మద్యం అమ్మడానికీ, పాటకచేరీ పెట్టడానికీ ఇచ్చే లైసెన్సు అది. ఏటేటా రెన్యూవల్ చేయించాలి. చేయించాల్సింది నేను.

"మందా? ఈ దేశంలోనా?" అని తెలుగులో పైకే అరిచేశాను. మేనేజరు నేను సంతోషం పట్టలేకపోతున్నాననుకుని భుజం తట్టి వెళ్ళిపోయాడు.

నా అరుపుకి కారణం ఉంది. మాది నెల్లూరు జిల్లాలో మెట్ట ప్రాంతం. నేను అయిదో తరగతిలో ఉండగా మా నాన్న పోయాడు. సారాయే తీసుకుపోయింది, మరో మాట లేదు. ఆ తర్వాత ఊళ్ళో ఆడవాళ్ళంతా కలిసి సారా కొట్టుకి తాళం వేసినప్పుడు, ఆ తాళం చేత్తో పట్టుకుని ముందు నడిచింది మా అమ్మ. నాకు బెంగుళూరులో ఒక ఉద్యోగం, దోహాలో ఒక ఉద్యోగం ఒకేసారి వస్తే అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "బెంగుళూరులో సందుకొక బ్రాందీ షాపంట. ఆ దేశంలో అయితే చుక్క దొరకదంట. నువ్వు ఆడికే పో నాయనా" అని విమానం ఎక్కించింది. అంతగా నమ్మి పంపిన అమ్మకి ఈ నీలం ఫైలు గురించి ఏ నోటితో చెప్పను? చెప్పలేదు. "హోటల్లో కాగితాల పని" అన్నాను. అబద్ధమేమీ కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. (అలా సర్దిచెప్పుకోవడంలో నాకు చిన్నప్పటినుంచీ మంచి పేరుంది.)

ఫైలు కదిలించాక ఆశ్చర్యాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. తలుపులు ఎన్ని, లోపల ఎంతమంది పట్టాలి, పాట ఎన్నింటికి ఆపాలి, గుమ్మం దగ్గర గుర్తింపు కార్డు ఎవరు చూడాలి, అన్నిటికీ కాగితాలే. మా ఊళ్ళో సారా కొట్టుకి ఒక తడికా, ఒక బెంచీ తప్ప ఇంకేమీ ఉండేవి కావు. ఇక్కడ మందు పోయడానికి ఉన్నంత క్రమశిక్షణ మా కాలేజీలో పరీక్షలు రాయించడానికి కూడా ఉండేది కాదని నోరు తెరుస్తూనే అన్నీ పోగుచేశాను. చివరికి దరఖాస్తు మీద హోటలు యజమాని సంతకం, ముద్ర పడ్డాయి. సంతకం పెట్టిన సాయంత్రమే ఆయన పది రోజులకని విదేశం వెళ్ళిపోయాడు. పాత లైసెన్సు గడువు బుధవారంతో సరి. ఆ రోజుకల్లా దరఖాస్తు ఇవ్వకపోతే లాంజికి తాళం పడుతుంది. కొత్తగా వచ్చిన ఫిలిప్పీన్స్ పాటగాళ్ళు ఆరుగురూ తిరిగి వెళ్ళిపోవాలి. వాళ్ళలో ఒకావిడ తన మూడేళ్ళ కూతురి ఫోటో నాకు చూపించి, "సర్, గురువారం పాడతాం కదా?" అని రోజుకొకసారి అడిగేది. నన్ను జీవితంలో మొదటిసారి సర్ అన్న మనిషి ఆవిడే. ఇక నా సంగతి చెప్పనే అక్కర్లేదు. నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నాను.

బుధవారం పొద్దున్నే స్నానం చేసి, ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలోని మా గదిలో ఫ్రిజ్ మీద పెట్టుకున్న దేవుడి పటం ముందు ఆ దరఖాస్తు ఉంచాను. సరిగ్గా అప్పుడే అమ్మ వీడియో కాల్ చేసింది.

"అదేంది ఆ కాగితం?"

"ఆఫీసు దరఖాస్తమ్మా. ఇవాళ ఇవ్వాలి. ఇది కుదిరితేనే నా ఉద్యోగం నిలబడేది."

"మరి పసుపు పెట్టకుండా అట్టనే తీసకపోతావా? నాలుగు మూలలా పెట్టు. దేవుడికి చూపించు. నీ ఇంటరు మార్కుల లిస్టుకి పెట్టలా? పాస్‌పోర్టు కాగితాలకి పెట్టలా?"

పెట్టింది నిజమే. మా ఇంట్లో పసుపు పడకుండా గడప దాటిన కాగితం లేదు. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. చెప్పలేక పసుపు కోసం వెతికాను. మా గదిలో పసుపంటే జగిత్యాల అన్న దగ్గరే ఉంటుంది. ఆయన మా హోటలు వ్యాను డ్రైవరు, జగిత్యాల మనిషి, నాతోపాటు అదే గదిలో ఉంటాడు. సెలవుకి వెళ్ళొచ్చినప్పుడల్లా సొంత చేనులో పండిన పసుపు డబ్బా నిండా తెచ్చుకుంటాడు. దాన్ని నీళ్ళతో కలిపి ఒక మూల చుక్క పెట్టాను. "కనపడనే కనపడలా. ఇంకాస్త పెట్టరా, ఏందా పిసినారితనం" అంది అమ్మ ఫోన్లోంచి. ఇంకాస్త పెట్టాను. నాలుగో మూలకి వచ్చేసరికి పసుపు మరీ పల్చబడి, జారుకుంటూ వెళ్ళి యజమాని ముద్ర అంచుని తాకింది. "అమ్మయ్య, ఇంక నీకేం భయంలా" అని అమ్మ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. సారా కొట్టుకి తాళం వేసిన ఆ చేతులు జోడించి, బారు లైసెన్సు రావాలని నా తల్లి దేవుణ్ణి వేడుకుంటోంది.

వ్యానులో కూర్చున్నాక జగిత్యాల అన్న ఫైలు వైపు ఓరగా చూసి, "గిదేంది తమ్మీ, సర్కారు కాయితానికి పసుపు పెట్టినవా? నవ్వుతరు గదా" అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు. ఇది మా ఊరి తాసీల్దారు ఆఫీసు కాదు! అక్కడైతే పసుపు చూసి కళ్ళకద్దుకుని తీసుకుంటారు. ఇక్కడ ముద్ర మీద ఏదో పూశారంటే ఏమనుకుంటారు? లైసెన్సుల కార్యాలయానికి చేరగానే నేరుగా బాత్రూములోకి పరుగెత్తి, టిష్యూ కాగితం మీద చేతుల సబ్బు రెండు చుక్కలు వేసుకుని ముద్ర పక్కనున్న మూలని మెల్లగా తుడిచాను.

పసుపు పోలేదు. ఎర్రబడింది. కంగారులో మిగతా మూడు మూలలు కూడా తుడిచాను (ఆ తెలివిని ఇప్పటికీ తలుచుకుంటాను). నాలుగు మూలలా నెత్తురు! అచ్చం ఎవరినో పొడిచి ఆ చేత్తోనే దరఖాస్తు నింపినట్టుంది. నా వేళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి. పక్కన చేతులు కడుక్కుంటున్న పెద్దమనిషి ఒకాయన నా వేళ్ళూ, కాగితం, నా ముఖం వరసగా చూసి, చేతులు తుడుచుకోకుండానే వెళ్ళిపోయాడు.

బయటికి వచ్చి అన్నకి చూపించాను. ఆయన తల పట్టుకున్నాడు. "సబ్బు పెట్టినవారా! పసుపుకు సబ్బు తాకితె ఎర్రగైతదని మా ఊళ్ళె చిన్న పోరగాళ్ళకు సుత ఎరుకేనాయె! డిగ్రీ ఎట్ల పాసైనవురా నువ్వు?"

"ఇప్పుడేం చెయ్యాలన్నా?"

"ఏం జేస్తవ్, లోపటికి పో. అడిగితె నిజం జెప్పు. అబద్ధం జెప్పే మొకం గాదు నీది."

కౌంటరు వెనక తెల్లని దుస్తుల్లో ఒక నడివయసు అధికారి ఉన్నాడు. కాగితం అందుకుని, చప్పున బల్ల మీద వదిలేశాడు. "ఇదేమిటి? రక్తమా?" అన్నాడు. అక్కడి వాళ్ళకి హిందీ బాగానే వస్తుంది. నాకే ఆ క్షణంలో ఏ భాషా రాలేదు. "మాఫీ, మాఫీ రక్తం" అన్నాను. కాదు, లేదు అనడానికి నాకు తెలిసిన అరబిక్ అదొక్కటే. ఆయన ముద్రని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశాడు. లోపల్నుంచి ఇంకొకాయనని పిలిచాడు. ఇద్దరూ కలిసి చూశారు. పోలీసులు, తిరుగు విమానం, ఆ మూడేళ్ళ పిల్ల ఫోటో అన్నీ నా కళ్ళముందు తిరిగాయి.

చివరికి ఉన్నదంతా కక్కేశాను. పసుపనీ, మా అమ్మ పెట్టమందనీ, మా ఇళ్ళల్లో మంచి జరగాలని అలా పెడతారనీ, సబ్బుతో తుడిచి నేనే పాడుచేశాననీ చెప్పాను. అమ్మ అనగానే ఆయన కనుబొమలు కాస్త దిగాయి. వేళ్ళు చూపించమన్నాడు. వాసన చూశాడు. కూరలో వేసేదే కదా అని పక్కాయనతో అని నవ్వాడు. హమ్మయ్య అనుకునేలోపే ఇంకొక ప్రశ్న వేశాడు.

"ఇది దేని లైసెన్సో మీ అమ్మకి తెలుసా?"

తెలియదని తల అడ్డంగా ఊపాను. నాన్న సంగతి ఆయనకి చెప్పాల్సిన పనిలేదు కానీ, ఎందుకో నోట్లోంచి అదీ వచ్చేసింది. ఆయన నవ్వు ఆగిపోయింది. హోటలుకి ఫోన్ చేసి మేనేజరుతో సంతకం సంగతి రూఢి చేసుకున్నాడు. తర్వాత పెన్ను తీసి, మరకలు తాను చూశానన్నదానికి గుర్తుగా, ఒక్కొక్క ఎర్ర మూల పక్కనా చిన్న సంతకం పెట్టాడు. నాలుగు మూలలా నాలుగు సంతకాలు. అమ్మ పసుపు పెట్టమన్నట్టే.

"కాగితం సరిగా ఉంది. తీసుకోవడం నా డ్యూటీ" అన్నాడు. "కానీ మీ అమ్మ దగ్గర దుఆ, ఆ దీవెన, అబద్ధం చెప్పి తీసుకున్నావు. దానికి నేను ముద్ర వెయ్యలేను. ఫోన్ చెయ్యి."

బయట మెట్ల మీద ఎండ మండిపోతోంది. రసీదు జేబులో పెట్టుకుని, ఎర్ర వేళ్ళతో ఫోన్ కలిపి, మొత్తం చెప్పాను. ఫోన్ కట్టయిందేమోనని రెండుసార్లు చూసుకున్నాను.

"నేనే గదరా" అంది చివరికి. "ఇంకాస్త పెట్టమనింది నేనే గదా." నాకు ఏడుపొచ్చింది. నిజంగానే ఏడ్చాను, నడి ఎండలో, ఇరవై మూడేళ్ళ మగాణ్ణి. వ్యానులోంచి జగిత్యాల అన్న ముఖం అటు తిప్పుకున్నాడు.

"నువ్వు తాగతా ఉండావా?"

"లేదమ్మా. నీమీదొట్టు."

"ఆ కాగితం రాకపోతే ఏమయ్యేది?"

ఉద్యోగం గురించీ, పాటగాళ్ళ గురించీ, ఆ పిల్ల గురించీ చెప్పాను. "ఎన్నాళ్ళకిస్తారు దాన్ని?" అంది.

"ఏడాదికమ్మా."

"అయితే నేనూ నీకు ఏడాదే ఇస్తండా. ఈలోపల ఇంకో పని చూసుకో."

గురువారం లాంజిలో ఆ పిల్ల తల్లి పాడింది. నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను, లోపలికి అడుగు పెట్టలేదు.

ఇంకో పని చూసుకోలేదు. చూడకపోలేదు, కుదరలేదు. తర్వాత కాగితాల విభాగమంతా నా చేతికొచ్చింది. జగిత్యాల అన్న ఊరికి వెళ్ళిపోయి పసుపు పండించుకుంటున్నాడు. ఏటా ఆ కార్యాలయంలో రెన్యూవల్ కాగానే అదే మెట్ల మీదికి వచ్చి అమ్మకి ఫోన్ చేస్తాను. అది ఏ లైసెన్సో అమ్మ ఒక్కసారి కూడా పేరు పెట్టి అనలేదు. "అయిందా ఆ కాగితం?" అంటుంది. అయిందంటాను. "తాగతా ఉండావా?" లేదంటాను. "సరే, ఇంకో ఏడాది. అంతే" అంటుంది. ఆ మాట వచ్చేదాకా నాకు లైసెన్సు వచ్చినట్టు అనిపించదు.

ఈ ఏడు దరఖాస్తంతా కంప్యూటర్లోనే. కాగితమే లేదు. అయినా వెళ్ళి ఆ మెట్ల మీద నిలబడి ఫోన్ చేశాను. ఎర్ర వేళ్ళతో అక్కడ నిలబడి ఏడ్చిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొచ్చింది, కాస్త అసూయ కూడా కలిగింది. వాడికి ఆశ్చర్యపోవడం వచ్చు. నాకు ఎప్పుడు పోయిందో తెలియకుండానే పోయింది.

"కాగితమే లేదమ్మా ఇప్పుడు. పసుపు పెడదామన్నా మూలలుండవు" అన్నాను ఉడికించడానికి.

"పెట్టబాకు" అంది అమ్మ. "నిజం చెప్తా ఉండావు గదా నాయనా. ఇంక పసుపెందుకు?"

నోరు తెరిచాను. చాలా ఏళ్ళ తర్వాత.