మేనమామ పేరు

నాకు మా మేనమామ పేరు పెట్టారు. మా ఇంట్లో పోయినవాళ్ల పేరే పిల్లలకి పెడతారు. బతికున్న మనిషి పేరు పెడితే ఇద్దరిలో ఒకరికి కీడని భయం. క్రైస్తవులకి ఈ పట్టింపులేమిటని పాస్టరు గారు విసుక్కున్నా మా అమ్మ చెవిన పెట్టలేదు.

అమ్మకి ఆ అన్న ఒక్కడే. కుర్రతనంలోనే విశాఖలో ఓడెక్కి మలయా రబ్బరు తోటలకి పోయాడు. అక్కడే పెళ్లయిందనీ రాశాడు, చాలా ఏళ్లు ఉత్తరాలు వేశాడు, ఆ తరవాత మూడేళ్లు ఉత్తరం లేదు. అక్కణ్ణించి తిరిగొచ్చిన ఒకాయన, "జొరమొచ్చి పోయాడమ్మా" అన్నాడట. పోయినవాడి పేర ప్రార్థనకి ఆదరణ కూడిక పెట్టించి, ఏడ్చి ఊరుకున్నారు. ఆ ఏడే నేను పుట్టాను. ఆ పేరు పుణ్యమా అని అమ్మ చేతి దెబ్బ ఎరగను. "మా అన్నని కొట్టినట్టుంటాది" అనేది. బడిపంతులైన మా నాన్న బెత్తానికి మాత్రం అలాంటి మొహమాటాలు లేవు.

కిందటి నవంబరులో, మలేషియాలో ఉన్న మామయ్య కూతురు ఫేస్‌బుక్‌లో నా పేరూ ఊరూ వెతికి పట్టుకుంది. అరకు వస్తానంది. నేను ఎగిరి గంతేసి పాడేరు, విశాఖ చుట్టాలందరినీ పిలిచాను, షామియానా వేయించాను. ఆడమనిషిని వయసేం అడుగుతామని అడగలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఎనభై ఎనిమిదేళ్ల అమ్మకి ఒక్కటే ఆరాటం.

"మా అన్న పోయినప్పుడు పక్కనెవరున్నారో అడగాలిరా. ఒంటరిగా పోలేదని ఆ గుంట నోటెంట వినాల."

స్టేషన్‌లో రైలు దిగి, "బాగున్నావేటి బావా?" అంది మరదలు. అరవై డెబ్బై ఏళ్ల నాటి మా ఊరి మాట, అమ్మ మాటే, ఎరగని మొహంలోంచి వచ్చింది. ఆటో ఎక్కాక సంచీలోంచి ఒక ఫోటో తీసింది. బాప్తిస్మం గౌనులో నేను. వెనక నాన్న దస్తూరీలో నా పేరు. మామయ్యని పూడ్చిన తోటివాళ్లెవరైనా చూస్తారని నాన్న ఆ తోటకి పంపించాడని నాకు తెలుసు.

"వేరే తోటకి మారి రాయడం ఆలీసం సేసినాడు మా అయ్య. ఈలోగా ఇది తిరిగి తిరిగి ఆయన సేతికే వొచ్చింది. 'నేను బతికున్నానని రాత్తే ఆ గుంటడికి కీడు' అని రాయడమే మానీసినాడు."

"మామయ్య ఎప్పుడు పోయాడు?"

"పన్నెండేళ్లయింది బావా."

నలభై ఏళ్లు! నా ప్రాణానికేదో అవుతుందని ఆ మనిషి నలభై ఏళ్లు నోరు కుట్టేసుకుని బతికాడు. ఆ నలభై ఏళ్లలో నేను పరీక్షలు తప్పాను, పెళ్లి చేసుకున్నాను, ఇంత పొట్ట పెంచాను. సిగ్గేసింది. "అమ్మకి చెప్పకు. జ్వరమొచ్చి అప్పుడే పోయాడని చెప్పు, నీకు దణ్ణం పెడతాను" అన్నాను. తలూపింది.

షామియానా కింద అమ్మ ఆమెని దగ్గర కూర్చోబెట్టుకుని, మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. నుదురు తడిమింది, జుట్టు తడిమింది. అడగాలనుకున్నది అడగలేదు.

"నీకెన్నేళ్లే?"

మరదలు నా వైపు చూసింది. అబద్ధం చేతకాని మనిషి.

"నలభై అయిదు అత్తా."

"వీడికన్నా సిన్నదానివి" అంది అమ్మ. "అయితే మా అన్న ఎందుకు రాయలేదు? ఏటి కోపం?"

మరదలు ఫోటో తీసి ఆమె ఒళ్లో పెట్టి, ఉన్నదంతా చెప్పేసింది. నేను ఆపలేదు. అమ్మ ఏడవలేదు. ఫోటో తిప్పి, వెనక అక్షరాలు చాలాసేపు చూసింది.

"గుంటకి బేగి అన్నం పెట్టండి" అంది.

మరదలు వారం రోజులుండి వెళ్లిపోయింది. ఆ తరవాత అమ్మ నన్ను పేరు పెట్టి పిలవలేదు. ఒరే అంటుంది, ఇదిగో అంటుంది.

మొన్న పొద్దున పెరట్లో కాఫీ గింజలు ఆరబోస్తున్నాను. వీధి అరుగు మీంచి అమ్మ నా పేరు పెట్టి గట్టిగా పిలిచింది. అన్ని రోజులకి ఆ పిలుపు విని ప్రాణం లేచొచ్చింది. చేతులైనా దులుపుకోకుండా పరిగెత్తాను.

"ఏంటమ్మా?"

అమ్మ నా వైపు చూడలేదు. ఎవరూ లేని గేటు వైపే చూస్తోంది.

"నిన్ను కాదురా" అంది.