మధ్యలో ఆగిన మాట

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. చిన్నప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. నరసరావుపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. పుట్టింది క్రైస్తవ కుటుంబంలోనే అయినా, "దేవుడు నాతో మాట్లాడాడు" అని మందిరంలో ఎవరైనా సాక్ష్యం చెబుతుంటే నాకు ఇబ్బందిగా ఉండేది. తల వంచుకుని బైబిలు పేజీలు తిప్పుతూ కూర్చునేదాన్ని. ఆదివారం వెళ్లడం, పాటలు పాడటం, ఇంటికి రావడం. నాకూ దేవుడికీ మధ్య ఉన్నది అంతే.

ఇప్పుడు రాస్తున్నది దయ్యం సంగతి కాదు. మరి ఏ సంగతి అంటే, అది తెలియకనే రాస్తున్నాను.

కరుణమ్మ పిన్ని మా అమ్మకు చెల్లెలు. గురజాల దగ్గర ఒక పల్లెలో ఒంటరిగా ఉండేది. బాబాయి పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. పోయిన ఎండాకాలం ముందు బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేయించి మా ఇంటికి తెచ్చుకున్నాం. వంటింటి పక్కన చిన్న గదిలో ఆమెకు మంచం వేశాం. ఆ గదికి ఒక తలుపు, ఒక కిటికీ. కిటికీకి అవతల పక్కింటి గోడ. మధ్యలో పిల్లి దూరేంత సందు, అంతే.

అప్పుడు మాకు ఒంటిపూట బడులు. మధ్యాహ్నానికల్లా ఇంటికి వచ్చేసేదాన్ని. మా ఎండల సంగతి తెలిసిందే. ఆ వేళకు వీధిలో మనిషి కనపడడు, అన్ని తలుపులూ మూసి ఉంటాయి. పిన్ని గదిలోంచి మాటలు వినపడటం మొదలైంది అలాంటి మధ్యాహ్నాల్లోనే.

మొదట ఫోన్ మాట్లాడుతోందనుకున్నాను. అచ్చం అలాగే ఉండేది. కాసేపు చెప్పేది, ఆగేది, "ఊఁ" అనేది, "అట్టాగా" అనేది, మళ్లీ చెప్పేది. కూరలో ఉప్పు తగ్గించానని నా మీద చాడీలు కూడా చెప్పేది. ఒకరోజు మజ్జిగ ఇవ్వడానికి వెళ్తుంటే హాల్లో ఛార్జింగ్‌కి పెట్టిన ఆమె ఫోన్ కనపడింది. లోపల మాటలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. ప్రతి నాలుగు మాటలకూ ఒకసారి "నాయనా" అంటోంది. పిన్ని దేవుణ్ణి పిలిచే పిలుపు అది.

మత్తుమందు ప్రభావమేమోనని డాక్టరును అడిగాను. ఆ వయసులో కొందరికి అలా అవుతుందన్నారు. కానీ పిన్ని మతి చక్కగా ఉంది. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో నాకే గుర్తు చేసేది. మా పాస్టరమ్మ గారికి చెబితే, అది ఏకాంత ప్రార్థన, భయపడొద్దన్నారు.

ఒకసారి పిన్నినే అడిగాను, అంత చనువు ఎలా వచ్చిందని. ఆమె సిగ్గుపడింది.

"పెళ్లయిన కొత్తలో మీ బాబాయితో మాట్టాడాలన్నా నోరు పెగిలేది కాదు. రోజూ ఒకచోట కూచుంటే అదే అలవాటయిద్ది. నాయనతోనూ అంతే. ముందు నేనే వాగేదాన్ని, అది ఇయ్యి, ఇది ఇయ్యి అని. చానా ఏళ్లకి గానీ ఊరుకోటం చేతగాలా. ఊరుకుంటే తెలుస్తది, ఎదర ఉన్నాడని."

ఆ మాట విన్నాక నా దృష్టి ఆమె మాటల మీద నుంచి, ఆమె ఆగే చోట్ల మీదకు పోయింది. అక్కడే నాకు భయం మొదలైంది.

ముప్పై మంది పిల్లలున్న క్లాసు నిశ్శబ్దంగా ఉన్నా, ఖాళీ గది నిశ్శబ్దంగా ఉన్నా, కళ్లు మూసుకుని తేడా చెప్పగలను. ఏ టీచరైనా చెప్పగలదు. పిన్ని మాట ఆపినప్పుడు ఆ గదిలో ఉండే నిశ్శబ్దం ఖాళీ గదిది కాదు. కరెంటు పోయి ఫ్యాన్ ఆగినప్పుడు అది మరీ స్పష్టంగా తెలిసేది. ఎవరో మాట్లాడుతున్నారు, నా చెవికి మాత్రమే అందడం లేదు అన్నట్టుండేది.

ఒకరోజు ఆరిన బట్టలు పట్టుకుని ఆ తలుపు దగ్గర ఆగిపోయాను. చెప్పులు లేవు, అడుగుల చప్పుడు లేదు. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల పిన్ని గొంతు వినపడింది.

"తలుపు కాడే ఉంది నాయనా. నువ్వే చెప్పరాదూ."

తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

"భయపడతదా? సరేలే అయితే. నేనే చెప్తా."

బట్టలు అక్కడే సోఫాలో పడేసి డాబా మీదకు వెళ్లిపోయాను. కాళ్లు కాలుతున్నా కిందకు దిగబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున తనకు తల దువ్వుతుంటే పిన్ని మామూలుగా, పాలవాడు వచ్చాడా అని అడిగినట్టు అడిగింది.

"ఏమే అమ్మాయ్, చిన్నప్పుడు మంచం కింద దూరి ఆయనతో మాట్టాడేదానివంట గదా."

నా చేతిలో దువ్వెన ఆగిపోయింది.

నిజమే. నేను సత్తెనపల్లిలో హాస్టల్లో ఉండి చదువుకున్నాను. అమ్మకు జబ్బు చేసిన ఏడాది, అందరూ అన్నాల దగ్గరకు పోయినప్పుడు నేను ఇనప మంచం కిందకు దూరి, ట్రంకుపెట్టెల మధ్య పడుకుని దేవుడితో మాట్లాడేదాన్ని. గుసగుసగా, పక్కన పడుకున్న స్నేహితురాలికి చెప్పినట్టు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పెళ్లయ్యాక మా ఆయనకు కూడా చెప్పలేదు. పిన్ని ఆ హాస్టల్ గడప తొక్కిన మనిషి కాదు.

ఎవరు చెప్పారని అడిగాను. ఆమె తన మాట పూర్తి చేసింది.

"ఒక మాట మధ్యలో ఆపేసి పోయావంట. అది పూర్తి చెయ్యమంటన్నాడు. అప్పటినుంచీ దానికోసం ఆగి ఉన్నాడంట."

ఏ మాట అని అడిగాను.

"అది నాకు చెప్పలా. మీ ఇద్దరిదంట."

ఆ మాట ఏమిటో నాకు తెలుసు. అమ్మ గుంటూరు ఆసుపత్రిలో ఉంది. ఆ మధ్యాహ్నం మంచం కింద, "అమ్మ దగ్గర నువ్వు" అన్నాను. నేను వచ్చేదాకా ఉండు అని చెప్పాలనుకున్నాను. ఇంతలో వార్డెన్ నా పేరు పెట్టి పిలిచింది. బయటకు వచ్చాను. గేటు దగ్గర మేనమామ నిలబడి ఉన్నాడు. నేను ఊరు చేరేసరికి అమ్మను పెట్టెలో పెట్టేశారు. నాన్న మందులు తేవడానికి బయటకు వెళ్లినప్పుడు ప్రాణం పోయిందట. పక్కన ఎవరూ లేరు. ఆ తర్వాత నేను మళ్లీ మంచం కింద దూరలేదు. ప్రార్థనలు అందరితో కలిసి చేశాను గానీ, ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు.

పిన్ని మీద కోపం వచ్చింది. నిద్రలో ఏమైనా వాగానేమో, మా ఆయన విని ఆమెకు చెప్పారేమోనని ఆలోచించాను. ఆయన్ని అడిగితే, ఏ మంచం, ఏ హాస్టల్ అన్నారు. ఆ తర్వాత పనుండి తప్ప ఆ గదిలోకి వెళ్లలేదు. పిన్ని కూడా మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఒంటిపూట బడులు అయిపోకముందే ఆమెకు జ్వరం వచ్చింది. ఊపిరితిత్తులకు నిమ్ము చేరిందన్నారు. ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకునే పోయింది. చివరి మాటలంటూ ఏమీ లేవు. సొంత పల్లెలో, బాబాయి పక్కనే మట్టి చేశాం.

తర్వాత ఒకరోజు మధ్యాహ్నం, మంచం తీసేసిన ఆ గదిలో దుప్పట్లు సర్దుదామని వెళ్లాను. స్కూల్లో స్టాఫ్ రూం తలుపు తీయగానే లోపల మాటలు టక్కున ఆగిపోతే ఎలా ఉంటుందో, అలా ఉంది. గదిలో ఎవరూ లేరు. కరెంటు లేదు. వెనక్కి తిరిగి వెళ్లిపోదామనుకున్నాను గానీ, గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాను.

ఎదుట గోడ. ఆ గోడకూ నాకూ మధ్య ఎవరో ఉన్నారు. కనపడింది అనడం లేదు, అనిపించింది అంటున్నాను. ఊరికే ఉన్నట్టు కాదు, నా మాట కోసం కనిపెట్టుకుని ఉన్నట్టు.

నేను మొదలుపెట్టిన మాట అమ్మ పోయాక పనికిరాదు. అందుకని దాన్ని మార్చాల్సి వచ్చింది.

"అమ్మ దగ్గర నువ్వు ఉన్నావా?"

పైకే అన్నాను. జవాబేమీ రాలేదు. కొంచెం ఆగి, లేచి బయటకు వచ్చాను. నా లెక్కలో రెండు మూడు నిమిషాలు కూడా పట్టి ఉండదు.

మా ఆయనకు పొలం మోటార్లు వైండింగ్ చేసే షాపు ఉంది. హిందూ కుటుంబం, గుడికీ చర్చికీ కూడా పెద్దగా వెళ్లే మనిషి కాదు. భోజనానికి ఎప్పుడు వచ్చారో నేను చూడలేదు. నేను బయటకు వచ్చేసరికి తినేసి, కంచం కడిగేసి, బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. నేను గదిలోకి వెళ్లేటప్పుడు గడప దగ్గరున్న ఎండ హాలు సగం దాకా వచ్చేసింది.

"ఎవరొచ్చారు?" అన్నారు.

ఎవరూ రాలేదన్నాను. ఫోన్లోనా అన్నారు. నా ఫోన్ ఆయన చేతి పక్కనే బల్ల మీద ఉంది. దాన్ని చూసి, లేచి గదిలోకి వెళ్లారు. కిటికీ దగ్గర నిలబడి అవతల గోడ చూశారు. బయటకు వచ్చి మంచినీళ్లు తాగి షాపుకు వెళ్లిపోయారు.

కొన్నాళ్ల వరకు ఆ మాట ఎత్తితే తప్పించుకునేవారు. ఒక ఆదివారం, మందిరం నుంచి నన్ను బండి మీద తీసుకొస్తూ, ముందుకు చూస్తూనే చెప్పారు.

"ఆ రోజు గదిలో ఉంది పాస్టరమ్మ గారేమో అనుకున్నా. నిదానంగా చెప్తన్నారు. మాటలు తెలవలా. ఆడగొంతో మగగొంతో కూడా చెప్పలేను. నువ్వు ఊఁ కొడతన్నావు. మధ్యలో ఏందో అడిగావు, మళ్లీ చెప్పారు. నేను అన్నం పెట్టుకుని తినేదాకా చెప్తానే ఉన్నారు."

నేను ఊఁ కొట్టలేదు. మధ్యలో ఏమీ అడగలేదు. నాకు గుర్తున్నంతవరకు నేనన్నది ఒక్క మాట.

గుంటూరులో నరాల డాక్టరు దగ్గరకు వెళ్లాను. స్కాన్ తీశారు, తలకు వైర్లు పెట్టి చూశారు. ఏ లోపమూ లేదు. దగ్గరి మనిషి పోయినప్పుడు మనసు అలా చేస్తుంది, కాసేపు స్పృహ తప్పి ఉంటుంది అన్నారు. మరి మా ఆయన విన్నదేమిటని అడిగితే, పక్కింటి టీవీ అయి ఉంటుందన్నారు. ఆ వేళ కరెంటు లేదు. పక్కింటివాళ్లు ఊళ్లో కూడా లేరు.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం ఆ గదిలో కూర్చుంటున్నాను. స్కూలు సంగతులు చెబుతాను, కాళ్ల నొప్పులు చెబుతాను, కోపం వస్తే కోపమూ చెబుతాను. చెప్పి ఊరుకుంటాను. నాకేమీ వినపడదు. భయం పోయిందా అంటే పోలేదు. మానేద్దామా అంటే మనసొప్పడం లేదు. మా ఆయన విన్నదాన్ని బట్టి, ఆ రోజు నేనడిగినదానికి జవాబు వచ్చింది. తెలియనిది మళ్లీ అడిగి మరీ విన్నాను. ఆ జవాబేమిటో ఈ ప్రపంచంలో నాకు తప్ప ఇంకెవరికీ తెలిసే వీల్లేదు, నాకేమో తెలియదు.

ఈమధ్య మా ఆయన్ని ఒకటే అడిగాను. ఆ రోజు చివర్లో ఏమైందని.

"నవ్వావు," అన్నారు. "ఇన్నేళ్లలో నువ్వట్టా నవ్వగా నేనెప్పుడూ వినలా."

ఎందుకు నవ్వానో ఇప్పటికీ చెప్పలేను.