పెట్టెలోని చెవి మిషన్

మా బారిడీహ్ కాలనీలో ఈ కథ ఇప్పటికే పది రకాలుగా తిరుగుతోంది. పోయిన మా ఆయన చెవి మిషన్‌లోంచి నన్ను పిలుస్తాడట, నేను ఊఁ కొడతానట. అంతా అబద్ధం. ఆ మిషన్‌లోంచి నన్నెవరూ పిలవలేదు. పిలిచి ఉంటే ముందు నేనే నాలుగు అడిగి ఉండేదాన్ని.

దయ్యాల్ని నేను నమ్మను. బి.ఎస్సీ. చదివాను, పద్దెనిమిదేళ్ళు ప్రైవేటు బళ్ళో సైన్సు చెప్పాను. పక్క క్వార్టరు పైడితల్లి మా గుమ్మానికి నిమ్మకాయ కడితే తెంపి చారులో పిండుకున్నాను. కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను.

మా ఆయన అప్పలరాజు మిల్లులో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాడు. ఆ చప్పుడుకి రెండు చెవులూ పోయాయి. పోవడమంటే నిశ్శబ్దం కాదు, లోపల రాత్రీ పగలూ ఒకటే హోరు. ముందే రిటైర్‌మెంటు తీసుకుని వరండాలో కుర్చీ వేసుకున్నాడు. ఆయన్ని పిలవాలంటే వరండా లైటు రెండుసార్లు వేసి ఆర్పాలి. మిల్లు వాళ్ళ ఇళ్ళల్లో ఇది మామూలే. రెండింటి సైరన్ మోగిన అరగంటకి నేను స్విచ్ నొక్కడం, ఆయన భోజనానికి లేచి రావడం. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఉన్న రెండు గొంతుల్లో ఒకటి నాది, రెండోది కూడా దాదాపు నాదే.

ఆ రోజుల్లోనే ఒక ఆసుపత్రిలో వినికిడి మీద పరిశోధన మొదలైంది. మిల్లుల్లో చెవులు పోయినవాళ్ళకి మంచి మిషన్లు ఇచ్చి, ఏడాదిపాటు పెట్టుకుంటే లోపలి హోరు కూడా తగ్గుతుందేమో చూస్తారట. నేనే పోట్లాడి ఆయన పేరు రాయించాను. రోజూ ఎన్ని గంటలు పెట్టుకున్నాడో డైరీలో రాయాలి.

వారం తిరక్కుండా ఆయన వాటిని తీసి పెట్టెలో పెట్టేశాడు. ఎందుకని సైగ చేసి అడిగాను.

"నా చెవుల్లో మిల్లు ఇంకా నడత్తానే ఉంది. దాని మీద నీ నోరు కూడా ఏటి?" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. పేరు కొట్టేస్తారన్న భయంతో డైరీలో రోజూ ఆరు గంటలని రాసుకుంటూ పోయాను.

మూడు నెలల తనిఖీకి వెళ్తే తెలిసింది, వాడకాన్ని మిషనే రాసిపెట్టుకుంటుందని. కంప్యూటర్‌కి తగిలిస్తే రోజుకో గీత కనిపిస్తుంది. ఎంతసేపు పెట్టుకున్నారు, చుట్టూ చప్పుడుందా, మాటలున్నాయా, అన్నీ. మా ఆయనవి మొదట ఆరు గీతలు, ఆపైన ఖాళీ. వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టు పిల్ల సుష్మిత నా డైరీ చూసి, "ఆంటీ, మిషన్ ఝూఠ్ నహీఁ బోల్తీ" అంది. మిషన్ అబద్ధమాడదట. డైరీ మూసి సంచిలో పెట్టుకున్నాను.

ఇంకో మూడు నెలలు గడువిచ్చారు. ఇంటికొచ్చి, శనగగింజంత బ్యాటరీలు రెండూ పీకి, పెట్టెను బీరువాలో నా చీరల కింద పడేశాను. తాళంచెవి నా దగ్గరే. ఆయనకి అక్కర్లేనిది నాకెందుకు?

ఆషాఢంలో ఒకరోజు లైను పని ఉందని కరెంటు తీశారు. రెండున్నరకి అలవాటు కొద్దీ స్విచ్ నొక్కాను. లైటు వెలగదు కదా. వరండాలోకి నాలుగడుగులు వేస్తే సరిపోయేది. వెయ్యలేదు. వంటింట్లోంచే "అన్నం పెట్టాను, రా" అని అరిచాను. రాలేదు. అన్నాళ్ళ కోపమూ ఒక్కసారి పొంగింది.

"వినపడకపోతే అక్కడే చావు" అన్నాను.

అని, కంచం ముందేసుకుని తిన్నాను. చెయ్యి కడుక్కుని వెళ్ళి చూస్తే కుర్చీలో ఆయన తల పక్కకి వాలిపోయి ఉంది. గుండెపోటు అన్నారు. ప్రాణం పోయి అరగంటో ముప్పావుగంటో అయ్యుంటుందన్నారు.

చెవిటివాడు కాబట్టి ఆ మాట ఆయనకి వినపడలేదు. ఆ తర్వాతి నెలలన్నీ నేను ఆ ఒక్క దాని మీదే బతికాను.

పన్నెండు రోజులు ఇంటినిండా జనం. వాళ్ళు వెళ్ళిపోయాక, రోజూ సైరన్ మోగగానే ఆయన కుర్చీని వంటింటి గుమ్మం దగ్గరికి లాక్కుని భోజనానికి కూర్చునేదాన్ని. తింటూ ఆ కుర్చీతో పోట్లాడేదాన్ని. బీపీ మాత్రలు ఎందుకు మానేశావు, నాకు చెప్పకుండా ఎందుకు పోయావు, ఇలా గంటసేపు. ఎవరికీ చెప్పలేదు. కుర్చీ ఆయనకన్నా ఓపికగా వినేది.

అయిదు నెలలకి ఆసుపత్రి నుంచి ఫోను, మిషన్లు తిరిగి ఇమ్మని. పెట్టె చీరల కింద పెట్టింది పెట్టినట్టే ఉంది. బ్యాటరీలు విడిగా పొట్లంలో ఉన్నాయి. సుష్మిత కొత్త బ్యాటరీలు వేసి కంప్యూటర్‌కి తగిలించింది.

తనిఖీ నాటి నుంచి ఆయన పోయేదాకా ఏమీ లేదు. ఆ తర్వాత తెర నిండా వరసగా గీతలు. రోజుకో గంట. అన్నీ మాటలే.

ఎవరు పెట్టుకున్నారని అడిగింది. ఎవరూ పెట్టుకోలేదన్నాను. మిషన్ నంబరు సరిచూసింది, మాదే. గీతల మధ్య ఒకచోట నాలుగు రోజుల ఖాళీ ఉంది. తేదీలు చూశాను. మా చెల్లెలి గృహప్రవేశానికి నేను పలాస వెళ్ళిన నాలుగు రోజులవి.

పరిశోధన నడిపే డాక్టరుగారు వచ్చి సాఫ్ట్‌వేర్ లోపమన్నారు. నేను ఊళ్ళో లేని రోజులు లోపానికి ఎలా తెలుసని అడిగాను. మిషన్ అబద్ధమాడదని మీ పిల్లే కదా అంది అన్నాను. ఆయన ఈ రికార్డును పరిశోధనలోంచి తీసేస్తామన్నారు. తీసేసుకోండి, కాగితం మాత్రం నాకివ్వండి అని ప్రింటు తెచ్చుకున్నాను. ఇప్పటికీ ఉంది.

ఆ కాగితం సంగతి తెలిసే పైడితల్లి కథ కట్టింది. "వదినా, అన్నియ్య నిన్నే పిలుత్తన్నాడు, ఓపాలి పలుకు" అంటుంది. పిలవలేదే తల్లీ, విన్నాడు, అంతేనని ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కించుకోదు. పిలుపైతే నేనూ కొట్టిపారేసేదాన్ని. బతికుండగా నా నోరు వద్దన్న మనిషి పోయాక వినడమే నాకు మింగుడుపడదు. నాకొచ్చిన సైన్సంతా తిరగేశాను. బ్యాటరీ లేని మిషన్ నడవదు. అంతకు మించి నాకేమీ తెలియలేదు.

మిషన్ ఇచ్చేసి వచ్చాక, కుర్చీ ముందు కూర్చుంటే నోరు పెగలడం లేదు. సైరన్ మోగుతుంది, తింటాను, లేస్తాను.

పైడితల్లికి చూపించనిది ఒకటుంది. కాగితం మీద ఎడమవైపు, మిగతా వాటికి దూరంగా, ఒక పొట్టి గీత. తేదీ ఆయన పోయిన రోజుది. ఒక్క నిమిషం, మాటలు. ఆ తర్వాత నేను పెట్టిన ఏడుపు, వచ్చిన జనం, పన్నెండు రోజుల గోల, ఏదీ అందులో లేదు. ఆ ఒక్క నిమిషమే.

ఆ నిమిషంలో ఆయన విన్నది ఏది? అన్నం పెట్టాను రమ్మన్నదా, దాని తర్వాత అన్నదా?